కొస పారేయొద్దు: ఆన్‌లైన్ ఆటలో మగ్గం పెట్టిన కథ

ఉద్యోగం మానేసి ఏడాదిన్నర అయింది. ఇప్పటికీ సోలాపూర్‌లో మా దాజీ పేట్‌లో ఎవరు ఎదురైనా అడిగే ప్రశ్న ఒకటే: "కంప్యూటర్ల ఆటలాడేదానికి నీకు పగార్ ఇచ్చిన్రా సుశీలా?" ఇచ్చారు. ఇరవై ఒక్కేళ్లు జీతం ఇచ్చారు. ఆ ఇరవై ఒక్కేళ్లలో నేను ఆడింది తక్కువ. ఆడేవాళ్లు చేసే పనులు చూసి తల పట్టుకున్నదే ఎక్కువ.

నా పని గురించి ముందు చెప్పేస్తాను. వేల మంది ఎవరిళ్లలో వాళ్లు కూర్చుని, ఒకే లోకంలో కలిసి ఆడే ఆట అది. ఆ లోకంలో కత్తి కావాలన్నా, చెప్పులు కావాలన్నా, కప్పుకోవడానికి దుప్పటి కావాలన్నా ఆటగాళ్లే తయారు చేసుకోవాలి. దీన్ని క్రాఫ్టింగ్ అంటారు. ఏది దేనితో తయారవుతుంది, ఎంతసేపు పడుతుంది, ఎవరి చేతిలో బాగా వస్తుంది, ఎన్నాళ్లకు పాతబడుతుంది, ఈ రూల్స్ అన్నీ రాసేది నేను. బొమ్మలు గీసేవాళ్లు వేరు, ప్రోగ్రామ్ రాసేవాళ్లు వేరు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఎలాగో నా నంబరు పట్టుకుని ఫోన్ చేస్తున్నారు. ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి మేడమ్ అంటారు. ఏ కోర్సు మంచిది అంటారు. దుప్పటి ఎలా తయారవుతుందో ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పే ఓపిక నాకు లేదు కాబట్టి ఇలా రాసి పెడుతున్నాను.

బటన్ నొక్కితే దుప్పటి

ఈ పనికి ముందు నేను చద్దర్ డిజైన్లు గీసేదాన్ని. మా సోలాపూర్‌లో దుప్పటిని చద్దర్ అంటాం. గళ్ల కాగితం మీద ఒక్కో గడికి ఒక్కో దారం లెక్కన నెమలినీ పువ్వునూ నింపాలి. ఒక గడి తప్పితే నెమలికి రెండు ముక్కులొస్తాయి. పుణేలో ఆటలు తయారుచేసే చిన్న కంపెనీ ఒకటి, విసుగు లేకుండా గడులు నింపే మనిషి కావాలని వెతుకుతూ నా దాకా వచ్చింది. విసుగు లేని మనిషి అని ఎవరు చెప్పారో వాళ్లకు.

మొదట నాకు అప్పగించిన రూల్ ఇలా ఉంది: పత్తి మూడు, రంగు ఒకటి, బటన్ నొక్కితే దుప్పటి. నూలు వడకడం లేదు, పడుగు లేదు, పేక లేదు. మా ఇంట్లో నాన్న పడుగు చుట్టిన బీమ్ ఎక్కించడం దగ్గర్నుంచి దుప్పటి దింపడం దాకా పడే అవస్థ చూసిన నాకు ఒళ్లు మండింది. మా యజమాని మిలింద్ సార్‌కు ఆ మాటే చెప్పాను. ఆయన పుణే మనిషి, నాతో మరాఠీలోనే మాట్లాడేవాడు. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, అక్కా అనడానికి ఆయన వాడే 'తాయీ' ఒక్కటి తప్ప.

"తాయీ, జనం ఆడుకోడానికొస్తారు, పని చేయడానికి కాదు."

ఈ వాక్యాన్ని ఆ తర్వాత ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. కత్తులకు మాత్రం ఈ నియమం వర్తించదు. కత్తికి ఇనుము కాల్చాలి, సుత్తితో కొట్టాలి, నీళ్లలో ముంచాలి, దానికి చప్పుడు, నిప్పురవ్వలు అన్నీ ఉంటాయి. అది పని కాదట, మజా అట. దుప్పటి దగ్గరికొచ్చేసరికి బటన్. కత్తి చేసినవాడు కళాకారుడు, బట్ట నేసినవాడు బటన్ నొక్కినవాడు. ఆటలో కూడా మనకు ఇదే మర్యాద.

విప్పితే పెరిగిన నూలు

నా తప్పుల గురించి కూడా చెప్పాలి. లేకపోతే ఇదంతా ఫిర్యాదుల చిట్టా అయిపోతుంది.

మొదటి ఏడాది మా దుప్పట్లు చిరిగేవి కావు. చిరగకపోతే మంచిదే కదా అనుకున్నాను. మూడు నెలల్లో ఆటలో ప్రతి మనిషి దగ్గరా పది దుప్పట్లున్నాయి. కొనేవాడు లేడు. నేతపని నేర్చుకున్నవాళ్లంతా ఆ బటన్ వదిలేసి కత్తులు చేయడానికి పోయారు. వస్తువు తయారయ్యే రూల్ రాసినప్పుడే అది పాడయ్యే రూల్ కూడా రాయాలని నాకు ఎవరూ చెప్పలేదు. మీకు నేను చెప్తున్నాను.

రెండో తప్పు ఇంకా ఘనమైనది. పాత దుప్పటి విప్పితే ఆరు ఉండల నూలు తిరిగి వస్తుందని రాశాను. అప్పటికి పత్తి బదులు నూలు పెట్టించాను, దుప్పటికి ఎనిమిది ఉండలు పట్టేది కాబట్టి బాగానే ఉంది. ఆరు నెలల తర్వాత, పనితనం పెరిగినవాళ్లకు నూలు తక్కువ పడుతుందని ఇంకో రూల్ రాశాను. బాగా ఆరితేరినవాడికి ఐదు ఉండలు చాలు. మొదటి రూల్ మరిచిపోయాను. ఐదు పెట్టి నేస్తారు, విప్పి ఆరు తీస్తారు. మళ్లీ నేస్తారు, మళ్లీ విప్పుతారు. రెండు వారాలు ఆట మొత్తం ఇదే పని. ఆటలోని పత్తి చేలు ఎండిపోయాయి, అడిగే దిక్కు లేదు.

సోలాపూర్‌లో మా పక్కింట్లో ఉండే మేనత్త రాజవ్వకు ఇది చెప్పి ఏడుద్దామని వెళ్లాను. అత్త మరమగ్గాల షెడ్లు తిరిగి పడుగు అతుకుతుంది. అంటే పాత పడుగు అయిపోయినప్పుడు కొత్త పడుగు దారాలను ఒక్కొక్కటే పాతవాటికి కలిపి ముడేస్తుంది. ఆ పనిలో ఆమె వేళ్లకు సాటి మా పేటలో లేదు. అంతా విని అత్త అంది:

"గా మగ్గం నాకియ్యే. ఇంక బీడీలు జేసే తిప్పలెందుకు మన ఆడోళ్లకు?"

నవ్వడానికి కూడా నాకు ఓపిక లేకపోయింది.

అసలు మగ్గం

మూడేళ్లు వెంటపడ్డాను మిలింద్ సార్ వెంట. బటన్ తీసేయండి, నిజమైన మగ్గం పెట్టనివ్వండి అని. ఈలోగా ఆయన లక్షలో ఒకరికి దొరికే బంగారు దుప్పటి అని ఒకటి పెట్టించాడు. అది పనితనంతో రాదు, అదృష్టంతో వస్తుంది. అదృష్టాన్ని పనితనం కింద జమకట్టే ఏ ఆటనైనా నేను ఇప్పటికీ అసహ్యించుకుంటాను. మీరు అలాంటిది రాయాల్సి వస్తే ఒకసారైనా ఎదురు చెప్పండి.

చివరికి ఆయన ఒప్పుకున్నాడు. "సరే తాయీ. ఒక్కసారి పెట్టి చూద్దాం. జనం కూర్చోకపోతే మగ్గం తీసేసి మళ్లీ బటన్ పెట్టేస్తా. ఆ తర్వాత దీని గురించి మాట్లాడొద్దు."

మగ్గం ప్రోగ్రామ్ రాయడానికి పద్మను తీసుకున్నారు. పద్మ మా సోలాపూర్ పిల్లే, నేత ఇల్లే, అప్పటికి ముప్ఫై దాటింది. మగ్గం నిలబడితేనే ఆమె ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికే. అది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. సోలాపూర్‌లోనే హోట్‌గి రోడ్‌లో ఒక రెండు గదుల ఆఫీసు తీసుకుని ఇద్దరం ఎనిమిది నెలలు కూర్చున్నాం.

మేం చేసిన మగ్గం మీద పడుగు ఎక్కించాలి, పేక ఆడించాలి, రంగు వరస తప్పకూడదు. దుప్పటి కోసి దింపాక అచ్చులో, అంటే దారాలన్నీ దూరి ఉండే ఆ దువ్వెనలో, పాత పడుగు జానెడు మిగిలి ఉంటుంది. అది కొస. కొత్త పడుగును ఆ కొసకే అతకాలి. కొస లేకపోతే కొత్త పడుగు అచ్చులోకి ఎక్కదు. ఇది మా ఇళ్లల్లో నడక నేర్చినంత సహజంగా తెలిసే సంగతి. ఆటలో కూడా అంతే పెట్టాం, మొదటి కొస మాత్రం మగ్గంతోపాటే ఇచ్చాం. దుప్పటి తయారవగానే కొస ఆటగాడి సంచిలోకి వస్తుంది, మళ్లీ నేసేటప్పుడు దాన్ని తీసి మగ్గానికి పెట్టాలి.

కొస మీద మౌస్ పెడితే రెండు మాటలు కనిపిస్తాయి: పడుగు కొస. అంతకంటే ఏం రాయలేదు. రాయాలని నాకు తట్టలేదు, పద్మకూ తట్టలేదు. పరీక్ష చేయడానికి మా గల్లీలో ఆరుగురు ఆడవాళ్లను పిలిచి కూర్చోబెట్టాం. ఆరుగురూ చెప్పకుండానే కొస తీసి మగ్గానికి పెట్టారు. భేష్ అనుకున్నాం. ఇంత తెలివితక్కువ పరీక్ష ఈ వృత్తిలో ఇంకెవరూ చేసి ఉండరు.

చెత్త అంతా పారేయి

మగ్గం ఆటలోకి వెళ్లిన మొదటి రోజు బాగా నడిచింది. రెండో రోజు కూడా పరవాలేదు. నాలుగో రోజుకు మగ్గాలన్నీ ఆగిపోయాయి. ఆటలో ఒక్క దుప్పటి కూడా తయారు కావడం లేదు.

ఫిర్యాదుల్లో మొదటిది గండుచీమ అనే పేరుతో ఆడే ఆటగాడిది. ఆటలో అందరూ ఇలాంటి పేర్లే పెట్టుకుంటారు. "పత్తి ఉంది, రంగు ఉంది, మగ్గం ఉంది. బట్ట ఎందుకు రాదు? మీ మగ్గం చచ్చింది."

నేనే జవాబు రాశాను. "కొస ఏం చేశావు?"

"ఏ కొస?"

"దుప్పటి దింపాక సంచిలోకి వచ్చింది కదా."

"అదా? ఆ చెత్త పారేశాను."

చెత్త! కుర్చీలోంచి లేచి గదిలో రెండు చుట్లు తిరిగాను. పద్మ లెక్క తీసి చూస్తే మగ్గం ఎక్కినవాళ్లలో దాదాపు అందరూ పారేశారు. కోపం దిగాక అర్థమైంది. సంచిలో చోటు తక్కువ. బజారులో ధర లేని వస్తువులన్నీ ఒకేసారి తీసేయడానికి 'చెత్త అంతా పారేయి' అని ఒక బటన్ ఉంది. కొసకు ధర లేదు. ఆ బటన్ పెట్టిందెవరు? రెండేళ్ల కిందట నేనే.

మిలింద్ సార్ ఫోన్ చేశాడు. ఆ రోజు నేను దాజీ పేట్‌లో ఇంట్లోనే ఉన్నాను, పక్క షెడ్లో మగ్గాలు ఆడుతున్నాయి.

"తాయీ, ఆ చప్పుడేంటి?"

"మగ్గాలు సార్."

"అవైనా నడుస్తున్నాయి. మనవి నడవడం లేదు. శుక్రవారం సాయంత్రం దాకా చూస్తా. తర్వాత బటన్ పెట్టేయండి. పద్మకు కూడా చెప్పేయండి."

అది మంగళవారం. పద్మకు చెప్తే తన ఉద్యోగం మాటే ఎత్తలేదు. "అందరికి ఒక్కొక్క కొస ఫుకట్ల పంచుదామక్కా," అంది.

"మళ్ల పారేస్తరే!"

"మరి పారేయొద్దని పెద్ద అక్షరాలతోని రాద్దం."

కొసలు పంచాం, నోటీసు కూడా రాశాం. కొస అంటే ఏమిటి, ఎందుకు దాచుకోవాలి అని పదకొండు లైన్ల నోటీసు. ఆట తెరవగానే ఎదురుగా కనిపించేలా పెట్టాం. బుధవారం సాయంత్రానికి ఆ నోటీసును చదవకుండా మూసేసినవాళ్లే నూటికి తొంభై మంది, పంచిన కొసలు కూడా చెత్తలోకే పోయాయి. గండుచీమ మాత్రం చదివాడు. చదివి, "సంచిలో చోటు లేదు" అని రాశాడు. మీరు ఈ పనిలోకి వస్తే ముందు ఇది ఒప్పుకోండి: ఆటగాడు చదవడు. మీరు ఎంత అందంగా రాసినా చదవడు.

ఇద్దరు కూసుంటరు

గురువారం పొద్దున రాజవ్వ అత్త పనిచేసే షెడ్డుకు వెళ్లాను. అత్త మగ్గం వెనక బస్తా పరుచుకుని కూర్చుని, పక్కన చిప్పలో బూడిద పెట్టుకుని, వేళ్లకు అద్దుకుంటూ దారాలు అతుకుతోంది.

"అత్తా, కొస పోతే ఏం జేస్తరు?"

"ఎట్ల పోతది?"

"ఎవరన్న పారేస్తే."

"ఎవడు పారేస్తడే?"

"పారేసిన్రు అనుకో."

"నేననుకోను." అత్త చెయ్యి ఆగలేదు. "కొస పారేసెటోడు మగ్గం మీద కూసునుడు ఎందుకు?"

"అత్తా, జర చెప్పు. శుక్రవారం దాటితే ఆ పద్మ పిల్ల కొలువు పోతది. నా మగ్గం పోతది."

అప్పుడు చెయ్యి ఆపింది. నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "కొత్త మగ్గం పెట్టిననాడు కొస యాడికెల్లి వస్తది? ఆకాశంల నుంచి పడ్తదా? ఇద్దరు కూసుంటరు. ఒగలు ఎనుకకెల్లి దారం అందిస్తరు, ఒగలు ముందటికెల్లి గుంజుతరు. అచ్చంత నిండెదాంక లెవ్వరు. నువ్వు సిన్నప్పుడు మీ నాయిన ఎనుక కూసోలేదా? గింత సదివినవ్, గది యాదికి లేదా?"

యాదికి ఉంది. ఎనిమిదేళ్ల వయసులో మగ్గం వెనక కూర్చుని, అచ్చులోంచి నాన్న దూర్చిన కొక్కేనికి ఒక్కో దారం అందించాను. కాళ్లు తిమ్మిరెక్కి ఏడిస్తే నాన్న బెల్లంముక్క ఇచ్చి మళ్లీ కూర్చోబెట్టాడు. అదంతా తెలిసి కూడా ఆటలో పెట్టలేదు. ఎందుకంటే ఆటగాడు ఒంటరిగా వస్తాడు, ఒంటరిగానే నేస్తాడు అని మొదటి రోజే అనుకున్నాను. మిలింద్ సార్ మాటలు ఇన్నేళ్లు విని విని నేను కూడా ఆయనలాగే అయ్యానని ఆ బస్తా పక్కన నిలబడ్డప్పుడు తెలిసింది. సిగ్గేసింది.

షెడ్డు నుంచే పద్మకు ఫోన్ చేశాను. కొస ఉంటే ఒక్కరే అతుక్కోవచ్చు. కొస లేకపోతే ఇద్దరు కూర్చుని అచ్చు నింపాలి. వెనకవాళ్లు రంగు వరసలో దారం ఇవ్వాలి, ముందువాళ్లు లాగాలి. ఒకరు తప్పితే అక్కడే ఆగుతుంది. అంతే రూల్. పద్మ ఒక్క పగలూ రాత్రిలో అది ఎలా రాసిందో నాకు తెలియదు. మధ్యాహ్నం ఆమెకు ఎదురుగా టిఫిన్ డబ్బా పెడితే అది అలాగే చల్లారిపోయింది.

శుక్రవారం పన్నెండింటికి ఆటలో పెట్టాం. మిలింద్ సార్ పుణేలో చూసి ఫోన్లో నిట్టూర్చాడు. "తాయీ, ఒక్కడికే కూర్చునే ఓపిక లేదంటే ఇద్దర్ని కూర్చోమంటున్నారా?"

మూడింటి వరకు ఒక్క మగ్గం కదల్లేదు. పద్మ తన బల్ల మీది సామాన్లు సంచిలో సర్దుకోవడం మొదలుపెట్టింది, నేను చూడనట్టు కూర్చున్నాను. నాలుగు దాటాక ఆటలోని బజారు చాట్‌లో గండుచీమ ఒక లైను రాశాడు: "మగ్గానికి ఒక మనిషి కావాలి. వెనక కూర్చుంటే చాలు."

ఎవరో వచ్చారు. కూర్చున్నారు. మూడుసార్లు వరస తప్పారు, ఒకరినొకరు తిట్టుకున్నారు, నాలుగోసారి నిండింది. మగ్గం ఆడింది. దుప్పటి దిగగానే ఆ రెండో మనిషి రాసిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది: "ఈ కొస దాచు. మళ్లీ ఇంతసేపు నేను కూర్చోలేను."

ఆరింటికి బజారంతా అదే కేక. మనిషి కావాలి, మనిషి కావాలి అని. పదకొండు లైన్ల నోటీసు చేయలేని పని, ఒకసారి తిమ్మిరెక్కిన కాళ్లు చేశాయి. ఆ తర్వాత కొస పారేసినవాళ్లు చాలా తక్కువ.

ఏడింటికి మిలింద్ సార్ ఫోన్. "బటన్ ఇప్పుడప్పుడే వద్దులే తాయీ." అంతే. తను పొరబడ్డానని ఆయన ఎన్నడూ అనలేదు, నేనూ అడగలేదు. పద్మ సంచిలోంచి సామాన్లు తీసి మళ్లీ బల్ల మీద పెట్టింది. ఇప్పుడు నా కుర్చీలో కూర్చునేది ఆమే.

మర్నాడు రాజవ్వ అత్తను ఆఫీసుకు ఆటోలో తీసుకొచ్చి చూపించాను. మెచ్చుకుంటుందనుకున్నాను. స్క్రీన్‌కు ముక్కు ఆనించి చాలాసేపు చూసి, "బూడిద ఏది?" అంది.

"బూడిద లేదత్తా."

"బూడిద లేకుంట ముడి జారదా? ఏం నేర్పినవే ఈళ్లకు?"

విసుక్కున్నాను. కానీ నెల తిరక్కముందే బూడిద పెట్టాను. కత్తులు చేసేవాళ్ల కొలిమిలో మిగిలే బూడిదను అప్పటిదాకా వాళ్లు చెత్తలోనే పారేసేవాళ్లు. ఇప్పుడు నేతవాళ్ల కోసం దాచిపెడుతున్నారు. నా పేరు మీద చెప్పుకునే రూల్స్‌లో ఇది అత్తది.

గత వారం

ఉద్యోగం మానేశాక కూడా ఆటలో మామూలు మనిషిలా నాకొక మగ్గం ఉండేది. కుడి మణికట్టు నొప్పి ఎక్కువైంది. ఇక మౌస్ పట్టుకోవద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు. మగ్గం ఊరికే పడి ఉండటం ఇష్టం లేక, గత వారం ఆటలో కొత్తగా చేరిన ఒకరికి ఇచ్చేశాను. చివరి దుప్పటి దింపి, కొస చేతికిచ్చి, జాగ్రత్తగా టైపు చేశాను: "మగ్గం నీది. ఈ కొస మాత్రం..."

నొప్పి చేత్తో టైపు చేయడం ఎంత నెమ్మదో చెప్పక్కర్లేదు. వాక్యం పూర్తి కాలేదు. అవతల నుంచి వచ్చింది:

"థాంక్యూ ఆంటీ! సంచిలో ఏదో చెత్త ఉంటే తీసేశాను."

ఇరవై ఒక్కేళ్లు! నా నోటి నుంచి వచ్చిన మాట ఇక్కడ రాయను. అది గోడ దాటి పక్కింట్లోకి వినిపించింది.

"ఏమైందే సుశీ?" అని అరిచింది రాజవ్వ అత్త.

"కొస పారేసిన్రత్తా!"

గోడ అవతల నుంచి అత్త గొంతు వచ్చింది. "మరి నాకు జెప్తవేందే? ఎనుక కూసో."

డాక్టర్ చెప్పిన మాట గుర్తుంది. మౌస్ ఎడమ చేతికి మార్చుకున్నాను. "నువ్వు ముందు కూర్చో, మొదటి దారం ఎర్రది," అని టైపు చేసి, మగ్గం వెనక కూర్చున్నాను.